చిన్నోడు తిరగడానికి చోటు

మా అక్కకి ఇద్దరు తమ్ముళ్లని బావ ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. ఒకడు నీళ్లలో ఉండి నోరు తెరుస్తాడు, రెండోవాడు నీళ్లు లేకపోయినా తెరుస్తాడు అని. ఆ రెండోవాణ్ణి నేనే. మొదటిది ఒక చేప. దాని పేరు చిన్నోడు. బొటనవేలంత ఉన్నప్పుడు అక్క పెట్టిన పేరు అది. ఇప్పుడు మోచేతి నుంచి వేళ్ల చివరి దాకా పొడుగు, అన్నం తినే పళ్లెమంత వెడల్పు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. తల నెరిసిన నన్నే అక్క ఇంకా పసివాడంటుంది కాబట్టి అందులో వింతేమీ లేదు.

అక్క దర్జీ పని చేస్తుంది. ఇంటి వెనక గదిలో కుట్టు మిషను, దాని పక్కన గోడ గూట్లో చేప ఉండే గాజుపెట్టె. బావ బీరువాలు చేసే వడ్రంగి, పొద్దున పోతే మళ్లీ రాత్రి భోజనానికే. నేను రెండు వీధుల అవతల ఫైబర్ షెడ్డులో పనిచేస్తాను. స్నానాల గది తలుపులు, పిల్లలు జారే బల్లలు, నీళ్ల తొట్లు పోస్తాం. కాబట్టి అక్క రోజంతా మాట్లాడేది చిన్నోడితోనే. కాలరు వంకరపోతే వాడికి చెబుతుంది. కొలతలు ఇవ్వడానికి వచ్చినావిడ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని నిలబడితే అదీ వాడికే చెబుతుంది. వాడు అద్దం దగ్గరకొచ్చి వింటాడు. క్యాబేజీ ఆకు వేళ్లతో పట్టుకుంటే వచ్చి చేతిలోంచే తింటాడు. వెర్రి వెయ్యి విధాలు అని నేను మొదట్లో నవ్వేవాణ్ణి. తర్వాత నేనూ షెడ్డు నుంచి వస్తూ వాడి కోసం బఠాణీలు కొనుక్కు రావడం మొదలుపెట్టాను. ఈ సంగతి బావకి తెలియదు, తెలిస్తే బతకనివ్వడు.

వాడు పెరిగాడు, పెట్టె పెరగలేదు. అదీ చిక్కు. ఎప్పుడు మొదలైందో ఎవరం గమనించలేదు గానీ, ఒకరోజు అక్క మిషను ఆపి, “ఒరేయ్, వీడు వెనక్కి తిరగడం మానేశాడు చూశావా?” అంది. చూశాను. ముక్కు అద్దానికి తగిలేదాకా ముందుకు పోతాడు. అక్కణ్ణించి రెక్కలాడించుకుంటూ వెనక్కి వస్తాడు. తోక అద్దానికి తగిలాక మళ్లీ ముందుకు. తిరగడానికి చోటు లేదు.

చేపల కొట్టు ఆయన్ని పిలుచుకొచ్చాను. ఆయన గూట్లోకి తొంగి చూసి నాలుక కొరుక్కున్నాడు. “ఇది గౌరమి కదమ్మా. ఇంకా పెరుగుతుంది. మీకు ఎవరూ చెప్పలేదా?” అన్నాడు.

“అమ్మింది నువ్వే కదయ్యా! నువ్వు చెప్పకపోతే చేప చెబుతుందా?” అని నేను ఎగిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఏం చెయ్యను.

ఆయన నన్ను వదిలేసి అక్కతో మాట్లాడాడు. ఇలాగే ఉంటే వెన్ను వంగిపోతుందన్నాడు. పెద్ద హోటలు ముందు కొలనుంది, ఆ మేనేజరు ఇలాంటివి తీసుకుంటాడు, ఇచ్చేయండి అన్నాడు. కొలనులో వదులుతాడో, పెనం మీద వదులుతాడో అని నేను గొణిగాను. అక్క నవ్వలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క కంచంలో చెయ్యి పెట్టి కూర్చుంది గానీ తినలేదు. చివరికి, “నెలాఖరు దాకా చూస్తాను. ఈలోపు వాడు తిరిగేంత తొట్టి ఏదైనా దొరికితే సరే. లేకపోతే ఆ హోటలాయనకే ఇచ్చేస్తాను. నాకు తోడు కావాలని వాణ్ణి ఆ డబ్బాలో చంపుకోలేను” అంది. గొంతు మామూలుగానే ఉంది. మా అక్క ఏడిస్తే నేను చూడలేను, ఏడవకుండా ఇలా మాట్లాడితే అసలు చూడలేను. అంత పెద్ద గాజుతొట్టి కొనే స్తోమత మాకు లేదని ముగ్గురికీ తెలుసు.

బావ మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, “చెక్కతో కడతాను” అన్నాడు.

“ఏం కడతావు?”

“తొట్టిరా. ప్లైవుడ్డుతో. ముందు ఒక్కవైపే గాజు పలక. నీకు చేతనైతే లోపల నీళ్లు పట్టకుండా నీ ఫైబర్ పుయ్యి. చేతకాకపోతే చెప్పు, ఇంకెవరినైనా చూస్తాను.”

చేతకాకపోవడమేమిటి! నేను అప్పటికప్పుడే లేచి టేపు పట్టుకొచ్చాను. ఎక్కడ కట్టాలన్న గొడవ ఆ రాత్రే తేలిపోయింది. అంతది ఏ గుమ్మంలోంచీ పట్టదు కాబట్టి ముందు గదిలోనే కట్టాలి, అక్క తన మిషను ముందు గదికి మార్చుకోవాలి. పొడుగు మంచమంత, లోతు నా నడుం దాకా, వెడల్పు చిన్నోడు హాయిగా తిరిగి ఇంకో చేప పక్కనుంచి పోయేంత.

బావ పనితనానికి వంక పెట్టను. పెడితే కళ్లు పోతాయి. ప్లైవుడ్డు అంచులకి ఉలితో పళ్లు చెక్కి, ఈ పలక పళ్లు ఆ పలక పళ్లలో దిగేలా అతుకుతాడు. మధ్యలో జిగురు తప్ప ఒక్క మేకు ఉండదు. “మేకు కొట్టేవాడు వడ్రంగి కాదు, పందిళ్లు వేసేవాడు” అంటాడు. అడుగున రెండు పలకలు ఒకదాని మీద ఒకటి అతికించాడు. దాని కింద దుంగల్లాంటి దూలాలు వరసగా పరిచాడు. ఏనుగెక్కినా కుంగదు. పక్కలు మాత్రం ఒంటి పలకే.

“బావా, ఇది బీరువా కాదు” అన్నాను.

“అయితే?”

“బీరువాలో బట్టలు కిందికే బరువేస్తాయి. నీళ్లు పక్కలకి తోస్తాయి. అడుగుకి ఇంత బలం పెట్టి పక్కలు ఇలా ఉత్తగా వదిలేస్తే ముందు పలక ఉబ్బుతుంది.”

“ఇన్నేళ్లలో నా బీరువా తలుపు ఒక్కటైనా ఉబ్బిందా?”

“నీ బీరువాలో నీళ్లెవరు పోశారు బావా?”

“పోసి చూద్దాంలే. మీ అక్కకి లేని భయం నీకెందుకు? కందకి లేని దురద కత్తిపీటకా?” అని చెక్క చిత్రిక పట్టే రందా అందుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, ఇంకేం చెబుతాం. అక్క గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసి, “మీరు పోట్లాడుకుంటే జిగురు ఆరదుట” అని లోపలికి పోయింది.

పెట్టె నిలబడ్డాక నా వంతు వచ్చింది. ఫైబర్ గట్టిపడటానికి పోసే రెజిన్ జిగురు వాసన చేపకి మంచిది కాదు కాబట్టి వెనక గది తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ కూరాం. ముందు గది కిటికీలు బార్లా తెరిచాం. పలక లోపలంతా గాజునార మ్యాటు పరిచి, కుంచెతో రెజిన్ అద్ది, గాలి బుడగ లేకుండా రోలర్ తోలాను. మూలల్లో మూడు పొరలు, మిగతా చోట రెండు. నా పనితనానికీ ఎవరూ వంక పెట్టలేరు. పెడితే ఊరుకోను. బావ గుమ్మంలో నిలబడి ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, “ఆ మూల సరిగ్గా తడవలేదేమో” అన్నాడు. పుట్టింటి సంగతి మేనమామ దగ్గరా! కుంచె చూపించి బయటికి పంపేశాను.

అది గట్టిపడ్డాక ముందు చెక్క పలకలో గాజు కోసం కోసి ఉంచిన ఖాళీకి లోపలినుంచి గాజు పలక పెట్టి చుట్టూ సిలికాన్ నింపాం. ఆరనిచ్చాం. ఒక సెలవురోజు పొద్దున్నే పంపు గొట్టం తెచ్చి నీళ్లు వదిలాం.

మొదట సగం దాకా ఏమీ కాలేదు. బావ నావైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. ఇంకాస్త నిండాక అక్క లోపల్నుంచి దారపు ఉండ తెచ్చింది. “ఆ కొస పట్టుకో” అని నాకిచ్చి, ముందు పలక అంచు నుంచి అంచుకి దారం బిగలాగింది. దారం రెండు చివరలకీ ఆనాలి కదా, ఆనలేదు. మధ్యలో పలకకి ఆని, చివరల్లో వేలెడు ఎడం వచ్చింది. పలక బయటికి వచ్చేసింది.

“చొక్కా బొత్తాలు పిగిలే ముందు ఇలాగే ఉంటుంది. ఏవండీ, నీళ్లు కట్టేయండి” అంది అక్క.

బావ కట్టేశాడు. చెప్పానా లేదా అని నోటిదాకా వచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేశాను. నీళ్లన్నీ బయటికి తోడాం. పలక మెల్లగా వెనక్కి పోయి చదునైంది. సరే, బయట పట్టీలు బిగిస్తే సరిపోతుంది అనుకుని, లోపల ఎక్కడైనా చిట్లిందేమో చూద్దామని వేలి కణుపుతో తట్టాను. టక్ అనాల్సింది, డబ్ అంది.

చెక్కకి అతుక్కున్న ఫైబర్ని తడితే చెక్క పలుకుతుంది. ఇక్కడ డొల్ల పలుకుతోంది. ఇంకోచోట తట్టాను. అక్కడా డొల్లే. పైఅంచు దగ్గర బ్లేడు దూర్చి లేపాను. నేను అంత శ్రద్ధగా పూసిన పొర అరటి ఆకు లేచినట్టు లేచి వచ్చింది. దాని వెనకవైపు అద్దంలా నున్నగా ఉంది. చెక్క పీచు ఒక్కటి కూడా అంటుకోలేదు. వాసన చూశాను. తేనెమైనం, టర్పెంటైన్.

“బావా! దీని లోపల మైనం ఎవరు రుద్దారు?”

బావ వంగి చూశాడు. “నేనే. నువ్వు పూసే ముందురోజు. అరచేత్తో, మూడు సార్లు.”

“ఎందుకు?”

“ఎందుకేంట్రా? చెక్కని పచ్చిగా వదలడం నాకు చేతకాదు. సొరుగు లోపల కూడా రుద్దుతాను, నీకు తెలీదా? పైగా ఇది మన చిన్నోడుండే ఇల్లు. బయటంతా మెరుగు పెట్టి, లోపల వాడుండేచోట గరుకుగా వదిలేస్తానా?”

“పైన నేను ఫైబర్ పూస్తాను కదయ్యా! నీ మెరుగు వాడికెక్కడ తగులుతుంది?”

“నాకు తెలుస్తుంది కదా” అన్నాడు బావ.

నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. ఏమేం అన్నానో పూర్తిగా గుర్తులేదు. బీరువాలు చేసుకునేవాడివి బీరువాలే చేసుకోవాల్సింది అన్నది గుర్తుంది. మైనం చెక్కలోకి ఇంకిపోయాక ఇక దానికి ఏదీ అంటదు. గీకినా పోదు, అరగదీసినా పోదు. మళ్లీ కొత్త పలకలతో మొదలుపెట్టాలి, అంత వ్యవధి లేదు. బావ నేల మీద చతికిలబడి తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఎదురు చెబితే బాగుండేది.

అక్క చీపురు తెచ్చి నేల మీది నీళ్లు గుమ్మం బయటికి ఊడ్చింది. ఊడ్చడం అయ్యాక, “మీరిద్దరూ వాడికోసం ఎంత చేశారో నేను చూశాను. చాలు. ఇంక ఒకరినొకరు తినకండి. రేపు ఆ మేనేజరుకి ఫోన్ చేస్తాను” అంది. ఆ మాట అని వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. మిషను శబ్దం రాలేదు. చిన్నోడితో కబుర్లూ వినిపించలేదు. నేను చెప్పులేసుకుని బయటికి పోయాను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు దారిలో ఒక డబ్బాని తన్నితే అందులో రాయి ఉంది. బొటనవేలు వాచింది.

మర్నాడు షెడ్డులో నాకు జారుడుబల్ల పని. దానికి పెద్ద అచ్చు ఉంటుంది. అచ్చులో మ్యాటు పరిచి రెజిన్ పోస్తే, గట్టిపడ్డాక బల్ల ఊడి వస్తుంది. ఊడి రావాలంటే పోసేముందు అచ్చుకి బాగా మైనం రుద్దాలి. ఎక్కడైనా ఇంత మేర తప్పిపోతే అక్కడ పట్టేసుకుని, అచ్చూ బల్లా రెండూ పాడవుతాయి. అందుకని మైనం పని ఎవరికీ ఇవ్వను, నేనే చేస్తాను. ఆ రోజూ గుడ్డకి మైనం తీసుకుని, బావని మనసులో తిట్టుకుంటూ, గుండ్రంగా రుద్దుతున్నాను. మొదటిసారి, రెండోసారి. మూడోసారి రుద్దుతుండగా నా చెయ్యి ఆగిపోయింది.

ఓరి నా బుర్రా! రోజూ నేను చేసే పనే కదా బావ చేసింది! ఆయన తెలియక చేసినా, నాకంటే బాగా చేశాడు. ఆ పెట్టె ఇప్పుడు అచ్చు. లోపల ఉన్నది పూత కాదు, పోత. చిల్లి లేని తొట్టి. చెక్కకి అంటుకోకపోతే ఏం పోయె? నీళ్లు పట్టడం తొట్టి పని. తోపుడు ఆపడం పెట్టె పని. వాటిలో ఒకటి ఇంకోదాన్ని పట్టుకుని వేలాడాల్సిన అవసరమేముంది! తొట్టిని ఊడదీసి మందం చేసి, పెట్టెకి కట్లు బిగించి, మళ్లీ దించితే సరి.

మేస్త్రీకి చెప్పీ చెప్పకుండా, వాచిన వేలితో కుంటుకుంటూ పరిగెత్తాను. అక్క ముందు గదిలో ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“చేసేశావా?”

“చేశాను. నెలాఖరున వ్యాను పంపిస్తాడట.”

“వద్దని చెప్పు.”

“నీళ్లు నిలబడ్డాక చెబుతాను” అంది అక్క. ఆశపడినట్టు లేదు, కాదన్నట్టూ లేదు. నేను చెప్పింది మొత్తం విని, లేచి వెళ్లి పని దగ్గర ఉన్న బావని పిలుచుకొచ్చింది.

గాజు పలక సిలికాన్ కోసి జాగ్రత్తగా ఊడదీశాం. పైఅంచు చుట్టూ పొరకీ చెక్కకీ మధ్య సన్నటి చెక్క చీలలు దూర్చి, ఆ సందులోకి చెంబుతో నీళ్లు పోశాను. అచ్చులోంచి ముక్క రానప్పుడు మేం చేసే పని అదే, నీళ్లు దారి చేసుకుంటూ పోయి విడదీస్తాయి. అక్క ఒకవైపు, బావ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని లాగాం. మొదట కదల్లేదు. తర్వాత ఎక్కడో లోపల్నుంచి నిట్టూర్పులాంటి చప్పుడొచ్చింది. మొత్తం ఒక్కసారే పైకి లేచింది. అంత సుళువుగా మా షెడ్డులో ఏదీ రాలేదు.

బావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. “అయితే నా మైనం లేకపోతే ఇది వచ్చేది కాదన్నమాట” అన్నాడు.

“నీ మైనం లేకపోతే ఇది రావాల్సిన పనే ఉండేది కాదు బావా!”

“వచ్చిందా లేదా, అది చెప్పు.”

అక్క పక్కకి తిరిగి నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు విన్నాను, అందుకని బావకి ఆ పూట గెలుపు ఇచ్చేశాను.

ఊడిన తొట్టికి లోపలినుంచి ఇంకో రెండు పొరలు వేశాను. ఈలోపు బావ పెట్టెకి నడికట్లు బిగించాడు. పై అంచున ఒకటి, నడిమిన ఒకటి, అడుగున ఒకటి, చుట్టూ మందపాటి కర్ర పట్టీలు. పైన ఇటు అంచు నుంచి అటు అంచుకి అడ్డంగా రెండు కట్టెలు. మూలల దగ్గర ఇనప బోల్టులు పెట్టాలని నేనంటే, ఆయన చాలాసేపు ఆ బోల్టుని చేతిలో తిప్పి చూసి, ఏదో చెడ్డపని చేస్తున్నవాడిలా అటూ ఇటూ చూసి, బెజ్జం వేశాడు. “బయట ఎవరికీ చెప్పకు” అన్నాడు. తొట్టిని మళ్లీ పెట్టెలోకి దించాం. చేతికి తొడుగులా దిగింది. గాజు పలక పెట్టాం, సిలికాన్ పూర్తిగా ఆరే దాకా ఎవరం దాన్ని ముట్టుకోలేదు. తర్వాత రెజిన్ వాసన పోయే దాకా నింపడం, పారబోయడం, నింపడం.

చివరిసారి నింపినప్పుడు అక్క మళ్లీ దారం లాగింది. చివరి నుంచి చివరికి పలకకి ఆని ఉంది. మర్నాడు లాగింది. ఆ మర్నాడు కూడా లాగింది. నేల మీద ఒక్క చుక్క లేదు. అప్పుడు ఫోను తీసుకుని, వ్యాను పంపొద్దని మేనేజరుతో చెప్పింది. “మా ఇంట్లోనే చోటు దొరికిందండీ” అంది.

చిన్నోణ్ణి మార్చేటప్పుడు కళ్లకి వెలుగు తగలకుండా తడిబట్టలో పూర్తిగా చుట్టమని కొట్టు ఆయన చెప్పాడు. పాత పెట్టెలోనే అక్క వాడి చుట్టూ దుప్పటి చుట్టింది. బావా నేనూ పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తుకుని, గది దాటించి, బట్టతో సహా కొత్త నీళ్లలో దించాం. బట్ట వదులు చెయ్యగానే వాడు తోకతో బావ మొహాన ఒక్కటిచ్చి అడుక్కి జారిపోయాడు. “నీకు బావమరిది సరైనవాడే దొరికాడు” అన్నాను. బావ నీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

వాడు అడుగున నిలబడిపోయాడు. పాత పెట్టెలో ఎలా ఉండేవాడో అలాగే, ఎడమ పక్క మావైపు, మొహం పక్క గోడవైపు. మేం ముగ్గురం గాజు ముందు ముక్కాలిపీటలు వేసుకుని కూర్చున్నాం. చాలాసేపటికి ముందుకు కదిలాడు. పాత అద్దం ఉండాల్సిన దూరం వచ్చేసరికి ఆగిపోయాడు. అక్కడ ఏమీ లేదు. అయినా ఆగాడు. అక్కడ్నుంచి రెక్కలాడిస్తూ వెనక్కి రావడం మొదలుపెట్టాడు.

“అయ్యో, వాడికి తెలియట్లేదు” అంది అక్క. ఇంత శ్రమా పడి ఇదేనా అని నాకు దిగులేసింది.

అక్క లేచి, చెయ్యి భుజం దాకా నీళ్లలో పెట్టింది. వెనక్కి వస్తున్న వాడి తోక ఆమె అరచేతికి తగిలింది. వాడు ఆగాడు. అక్క చెయ్యి తియ్యలేదు. వాడు మెల్లగా తల అటు వంచాడు. తర్వాత ఒళ్లు వంచాడు. అంత పెద్ద శరీరం అంత మెత్తగా వంగుతుందని నాకు తెలీదు. వంగి, వంగి, పూర్తిగా వెనక్కి తిరిగాడు.

తిరిగేసరికి వాడి కుడి పక్క మావైపు వచ్చింది. పాత పెట్టెలో ఆ పక్క ఎప్పుడూ గూటి గోడవైపే ఉండేది. మేమెవరం ఎన్నాళ్లుగానో దాన్ని చూడలేదు. అటువైపు పొలుసులు వరసగా రాలిపోయి, ఒరుసుకున్నచోట తెల్లటి చార పడి ఉంది. కుడి కన్ను పాలు పోసినట్టు తెల్లగా ఉంది. అది గుడ్డిదని ఎవరూ చెప్పక్కర్లేదు.

అక్క చెయ్యి బయటికి తీసి, తడి చేత్తోనే నోరు మూసుకుంది.

నాకు ఎవరి మీదైనా కోపం తెచ్చుకోవాలనిపించింది. కొట్టు ఆయన మీద, ఆ గాజుపెట్టె మీద, ఎవరో ఒకరి మీద. రాలేదు. బావ గాజు మీద లేని మరకని చొక్కా చేతితో తుడుస్తున్నాడు.

“నేను పక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకున్నానురా” అంది అక్క. ఇప్పుడు ఏడుస్తోంది. “వింటున్నాడని చెప్పుకున్నాను. అటువైపు ఏమవుతోందో ఒక్కసారి వంగి చూడలేదు. ఇంతకాలం వీడు నన్ను ఒక్క కంటితోనే చూశాడు.”

“నువ్వొక్కదానివే కాదే. మనం ముగ్గురం చూడలేదు” అన్నాడు బావ.

చిన్నోడు ఆ చివరికంటా ఈదుకుంటూ పోయాడు. గుడ్డి కన్ను మావైపే ఉంది. వాడికి గదీ లేదు, మేమూ లేం, అక్కా లేదు. ఆ చివర గోడ దగ్గర కాసేపు నిలబడ్డాడు. వాడికి ఆ పక్క చూపు లేదు, కావాలంటే ఇక మావైపు రాకుండానే అలా తిరుగుతూ ఉండిపోవచ్చు. అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుంది గానీ, పిలవలేదు, కదల్లేదు.

వాడు మళ్లీ వంగాడు. ఈసారి తొందర లేకుండా, చోటంతా వాడుకుంటూ పెద్దగా చుట్టు తిరిగి, గాజు పలక దగ్గరికి, సరిగ్గా అక్క మొహానికి ఎదురుగా వచ్చి, ఎడమ కన్ను ఆమె వైపు పెట్టి నిలబడ్డాడు. ఎవరూ నీళ్లలో చెయ్యి పెట్టలేదు.